ఇరవై ఒకటో విద్యార్థి

ఆ రోజు పొద్దున రిమార్కుల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు లోపల ఒక అధ్యయనానికి మార్కులు వేసెయ్యాలి, మధ్యాహ్నం కళ్ళజోడు కాడ అతికించుకురావాలి. అంతే. ఆ కాడ విరిగి మూడు వారాలైంది. దారం చుట్టి నెట్టుకొస్తున్నారు. ఇంట్లో ఇంకో మనిషంటూ ఉంటే "ఆ దారమేంటి, చూడ్డానికేమైనా బాగుందా?" అని పోరు పెట్టి మొదటి రోజే దుకాణానికి తరిమేవాళ్ళు. పోరు పెట్టేవాళ్ళు లేరు కాబట్టి దారమే స్థిరపడిపోయింది.

మాస్టారు ఒకప్పుడు నిజంగానే మాస్టారు. నలభై మంది పిల్లల గోల మధ్య గొంతు చించుకుని పాఠాలు చెప్పిన మనిషి. ఆరు నెలలకని విద్యాశాఖ పరిశీలనా విభాగానికి పంపారు. ఆ ఆరు నెలలకు ఇప్పుడు పందొమ్మిదేళ్ళు. బళ్ళలో కొత్త బోధనా పద్ధతి ఏది పెట్టాలన్నా, దాని మీద అచ్చయిన పరిశోధన ఒకటి ఉండాలి. ఆ పరిశోధనలో సరుకెంత, డాబెంత అని తేల్చేది ఈయన. ఎంతమంది పిల్లలు, వాళ్ళను జట్లుగా ఎలా విడదీశారు, మధ్యలో ఎంతమంది తగ్గారు, పరీక్ష ఎవరు దిద్దారు, ఇలా ముప్ఫై గళ్ళున్న ఫారం నింపి ఇరవైకి మార్కులు వెయ్యాలి.

ఆ ముప్ఫయ్యో గడి పేరు రిమార్కులు. తక్కిన ఉద్యోగులంతా అందులో "లేవు" అని రాసి ఇంటికి పోతారు. మాస్టారు మాత్రం రాస్తారు. "చీటీలు తీసి పిల్లల్ని విడదీశామన్నారు, ఆ చీటీలు తీసిందెవరో చెప్పలేదు." "పాఠం చెప్పినవారే పరీక్ష పెట్టారు, వారే దిద్దారు. తన వంట తానే తిని లొట్టలేసినట్టుంది." పందొమ్మిదేళ్ళలో వీటిని ఒక్కరంటే ఒక్కరు చదివిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆయనకెలా తెలుసంటారా? ఆరేళ్ళ కిందట ఒక రిమార్కు మధ్యలో "ఇది చదివినవారు దయచేసి నాకొక మాట చెప్పగలరు" అని ఇరికించి చూశారు. ఇంతవరకూ చెప్పినవాళ్ళు లేరు.

అయినా ఆయన మానలేదు. ప్రతి ఫారానికీ ఒక నకలు తీసి ఇంటికి పట్టుకెళతారు. ఇంట్లో ఉన్నవి రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆయన కూర్చుంటారు. రెండోదాంట్లో కూర్చునేవాళ్ళెవరూ లేకపోవడంతో నకళ్ళ దొంతర పెట్టారు. అక్కగారు ఆదివారం ఆదివారం ఫోను చేసి "ఏరా, బాగున్నావా?" అంటుంది. ఈయన "బాగానే" అనేలోపు తన మోకాళ్ళ నొప్పులు మొదలెడుతుంది. మోకాళ్ళు అయిపోయాక "సరే, నీ సంగతులు వచ్చేవారం వింటాలే" అని పెట్టేస్తుంది. ఆ వచ్చేవారం ఎప్పుడూ రాలేదు.

సరే, ఆ పూట బల్ల మీదికి వచ్చిన అధ్యయనం పేరు "ఎదుట వినేవారుంటే చదువు చురుగ్గా వస్తుందా?" రాసింది ఒక బడి హెడ్మిస్ట్రెస్. అచ్చేసింది ఒక విద్యా పత్రిక. మూడో తరగతి పిల్లలు నలభై మందిని రెండు జట్లు చేసింది ఆవిడ. నాలుగు నెలల పాటు ఒక జట్టులో ఒక్కొక్కరూ రోజుకు ఇరవై నిమిషాలు ఎదురుగా కూర్చున్న మనిషికి పుస్తకం పైకి చదివి వినిపించాలి. ఆ మనిషి తప్పులు దిద్దక్కర్లేదు, ఊరికే వింటే చాలు. రెండో జట్టు అదే పుస్తకాన్ని అదే ఇరవై నిమిషాలు గోడవైపు తిరిగి చదువుకోవాలి. దానికి ఆవిడ గోడ జట్టు అని పేరు పెట్టింది.

గోడ జట్టు అన్న మాట దగ్గర మాస్టారు కాసేపు ఆగిపోయారు. ఆయన కూడా రోజూ పొద్దున్నే పేపరు పైకి చదువుతారు. తన గొంతు తనకైనా వినబడాలి కదా అని. వినేది గోడే. పాపం, ఆ జట్టు పిల్లలకు నాలుగు నెలలే. నిజం చెప్పొద్దూ, ఈ అధ్యయనం నెగ్గితే బాగుండునని ముందే అనిపించి, పరిశీలకుడికి అలా అనిపించకూడదని తనను తానే మందలించుకున్నారు. అదీగాక పదిహేను మార్కులొస్తే అన్ని బళ్ళకూ వినే పిరియడు వస్తుంది. రాకపోతే ఆ బడిలో ఉన్నదీ వచ్చే నెల నుంచి ఎత్తేస్తారు.

అప్పుడు కనబడింది అంకె. వినే జట్టు, మొదట్లో ఇరవై మంది. చివర్లో ఇరవయ్యొక్కరు.

"అమ్మా, ఒకసారి ఇలా రా" అని పక్క బల్ల ఆపరేటరమ్మను పిలిచారు. "ఇరవై మందితో మొదలెట్టి ఇరవయ్యొక్కరితో ముగించారు. నిజమేనా, నా కళ్ళజోడు వంకరా?"

"నిజమే మాస్టారూ. పిల్లలు కదా, పెరుగుతుంటారు."

"ఎత్తు పెరుగుతారమ్మా. లెక్క పెరగరు."

ఆవిడకు ఇంకా నలభై ఫారాలు ఎక్కించాల్సి ఉంది. గబగబా కంప్యూటరు దగ్గరికెళ్ళి కూర్చుంది. మధ్యలో తగ్గినవారి సంఖ్య అన్న గడి దగ్గర బండి ఆగింది. సున్నా వేస్తే తేడా ఒకటి ఉందంది కంప్యూటరు. ముందు చిన్న గీత పెట్టి ఒకటి వేస్తే అసలు ఒప్పుకోలేదు. వట్టి ఒకటి వేస్తే నోరు మూసుకుని లోపలికి తీసుకుంది. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడికి బడిలో పిల్లలు తగ్గడమే తెలుసుగానీ ఎక్కువవడం తెలియదు.

"కారణం అడుగుతోంది మాస్టారూ. జబ్బు చేసింది, వేరే బడికి మారారు, ఆచూకీ లేదు. మూడే ఉన్నాయి. ఏది నొక్కను?"

"నాలుగోది లేదా? ఎక్కడినుంచో ఊడిపడ్డారు అని?"

"లేదు."

"మరి ఆ ఒక్కరూ ఎవరో, ఏమిటో మనకేం తెలుసమ్మా..."

"అదేగా ఆచూకీ లేదంటే" అని ఆవిడ నొక్కేసింది.

"సరే కానీ. రిమార్కుల్లో వివరంగా రాస్తాలే" అన్నారు మాస్టారు. పదకొండు వరుసలు రాశారు. నకలు తీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. గడియారం చూస్తే పది యాభై. పథకం ప్రకారమే ఉంది. సంతోషంగా కళ్ళజోడు తుడుచుకున్నారు.

పదకొండున్నరకు డైరెక్టరు నుంచి పిలుపొచ్చింది. పందొమ్మిదేళ్ళలో డైరెక్టరు ఆయన్ను పిలవడం ఇది రెండోసారి. మొదటిసారి పొరబాటున పిలిచాడు. అందుకని మాస్టారు చొక్కా సర్దుకుని, రిమార్కు చదివాడేమో, మెచ్చుకుంటాడేమో అనుకుంటూ లోపలికి వెళ్ళారు.

"ఏమండీ, బడిలో పిల్ల కనబడకుండా పోతే ఫారం నింపి చేతులు దులుపుకుంటారా? మనిషన్నవాడు ఫోను చెయ్యడూ?" అని డైరెక్టరు లేచాడు. ఆచూకీ లేదు అని నొక్కితే ఆ ఫారం ఎర్ర గుర్తుతో తిన్నగా బాలల రక్షణ విభాగానికి వెళ్తుందట. ఆ సంగతి నొక్కినావిడకూ తెలీదు, నొక్కించినాయనకూ తెలీదు.

"తగ్గలేదండీ, ఒకరు ఎక్కువయ్యారండీ. రిమార్కుల్లో..."

"రిమార్కులు తర్వాత చూద్దాం. రక్షణవాళ్ళు నా ప్రాణాలు తోడేస్తున్నారిక్కడ" అంటూ డైరెక్టరు బడికి ఫోను కలిపాడు. "అమ్మా, నీ వినే జట్టు పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టు. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటా."

హెడ్మిస్ట్రెస్ వెళ్ళి లెక్కపెట్టి వచ్చింది. "అందరూ ఉన్నారండీ. మూడోలో ఉన్న ఇరవై మందీ ఇప్పుడు నాలుగోలో ఉన్నారు. ఒక్కరు కూడా మానలేదు."

"ఇరవై మందా? నీ అధ్యయనంలో ఇరవయ్యొక్కరని అచ్చయింది కదమ్మా! మరి ఆ ఒక్కరూ ఏరీ?"

 హెడ్మిస్ట్రెస్ తడబడి "అది... నేను మీకు తర్వాత చెప్తానండీ" అని ఫోను పెట్టేసింది.

చూశారా, అప్పటిదాకా అది వట్టి పొరబాటు. ఆ క్షణం నుంచి దానికి సాక్ష్యం దొరికింది. డైరెక్టరు మొహం పాలిపోయింది. "అచ్చులో ఉంది, బడిలో లేదు. పైగా ఆవిడ నీళ్ళు నములుతోంది. కారెక్కండి" అన్నాడు. కార్లో మాస్టారు "అయ్యా, పెరిగిందే తప్ప..." అని మూడుసార్లు మొదలెట్టారు. మూడుసార్లూ డైరెక్టరు ఫోను మోగింది.

వాళ్ళు బడి వీధిలోకి తిరిగేసరికి సైకిల్ షాపువాడు పంక్చరు వదిలేసి, జిరాక్సు దుకాణంవాడు మిషను వదిలేసి గేటు దగ్గరే ఉన్నారు. నలభై యాభై మంది తల్లిదండ్రులు పోగయ్యారు. పెద్ద రోడ్డు దగ్గర ఒక్క పిల్ల తప్పిపోయిందని బయల్దేరిన పుకారు, గేటు దగ్గరికొచ్చేసరికి ముగ్గురని అయింది. ఒక తాతగారు మనవణ్ణి కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పట్టుకుని "వీడు నావాడు, వీడు నావాడు" అంటూ వదలడం లేదు. ఒకావిడ తన కొడుకును చంకనెత్తుకుంది. అదీ చాలక పక్కింటివాళ్ళ అబ్బాయిని కూడా గట్టిగా పట్టుకుంది. వాడు ఆరో తరగతి, సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

రక్షణవాళ్ళు పంపిన పోలీసు హెడ్డు నోటుబుక్కు తెరిచి మాస్టారి ముందుకొచ్చాడు. "కంప్లయింటు మీదేనా? పిల్ల పేరు?"

"పరిశోధనల్లో పేర్లు వెయ్యరండీ. విద్యార్థి ఇరవై ఒకటి అంతే."

"ఆడా, మగా?"

"వెయ్యలేదండీ."

"వయసు?"

"అదీ వెయ్యలేదండీ. అది పెద్ద లోపమే. నేను రిమార్కుల్లో..."

"పోనీ, ఆనవాళ్ళు?"

"మొదటి పరీక్షలో మూడు మార్కులు. చివరి పరీక్షలో డెబ్బై ఒకటి."

హెడ్డు అదంతా రాసుకుని నిట్టూర్చాడు. "అంటే తెలివిగల పిల్ల. తెలివిగలవాళ్ళు ఒక పట్టాన దొరకరు సార్."

ఆ గోలలో నిజంగా వెతుకుతున్న మనిషి ఒక్కరే. ఆ బడి ఆయా. అరవై దగ్గర పడిన మనిషి, బొడ్లో తాళాల గుత్తి. నీళ్ళ తొట్టెలోకి తొంగి చూసింది, బీరువాల వెనక చూసింది, స్టేజి కిందకి పాకి చీరంతా దుమ్ము చేసుకుంది. "గేటు నాది సార్, నా కళ్ళ ముందే పోయుంటుంది, నా కళ్ళు కాలిపోను" అని ఏడుస్తూ వీధిలో ఇంటింటికీ వెళ్ళి తలుపు తడుతోంది. ఆవిడను చూసి మాస్టారు ఎదురెళ్ళి "అమ్మా, ఎవరూ తప్పిపోలేదు" అన్నారు. ఆవిడ ఆగలేదు. ఎవరూ ఆగలేదు. ఇంతమంది మధ్య నిలబడి, ఉన్న ఒక్క నిజం తన జేబులో పెట్టుకుని, మాస్టారు ఇంట్లో కన్నా ఒంటరిగా ఉన్నారు.

హెడ్మిస్ట్రెస్ మాత్రం వరండా స్తంభానికి ఆనుకుని పెదవి విప్పడం లేదు. డైరెక్టరు వెళ్ళి మీద పడ్డాడు. "చెప్తావా, చెప్పవా? ఆ పిల్ల సంగతి తేలకపోతే రేపటి నుంచి ఈ వినే పిరియడూ ఉండదు, నువ్వూ ఉండవు." ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"ముందు గేటుకి ఏదైనా నోటీసు అంటించాలి సార్. రూలు" అన్నాడు హెడ్డు. "శాఖ ముద్ర ఉన్న కాగితం కావాలి."

అలాంటి కాగితం అక్కడ ఒక్కటే ఉంది. మాస్టారు జేబులోంచి నకలు తీసిచ్చారు. సైకిల్ షాపువాడు పంక్చరు జిగురు తెచ్చి దాన్ని గేటుకి అంటించాడు. జనం ఒక్కసారి మీద పడి, పైన శాఖ ముద్రా, మధ్యలో ఆచూకీ లేదు అన్న మాటా చూసి గొల్లుమన్నారు. కిందిదాకా ఎవరూ వెళ్ళలేదు.

అంతలో వీధి చివర నుంచి ఆయా కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చింది. గేటుకేదో కాగితం ఉండటం చూసి దగ్గరికెళ్ళింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. పైకి చదవడం మొదలెట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఆగుతూ, మళ్ళీ వెనక్కెళుతూ. జనం విసుక్కోబోయి, ఎందుకో ఊరుకున్నారు. బాగా చదువుకున్నవాళ్ళకి ఏది వదిలెయ్యాలో తెలిసిపోతుంది. ఆవిడకింకా అంత చదువు రాలేదు. ముప్ఫై గళ్ళూ వరసపెట్టి చదువుకుంటూ పోయింది. వేలు ముప్ఫయ్యో గడి దగ్గరికి చేరేసరికి మాస్టారు ఆవిడ పక్కకు వచ్చి నిలబడ్డారు.

"'మొ-ద-ట ఇరవై మంది. చివర ఇరవయ్యొక్కరు. కనుక ఎవరూ తప్పి... తప్పిపోలేదు. ఒకరు ఎక్కువ వచ్చారు.'" ఆయా ఆగి జనం వైపు చూసింది. జనం డైరెక్టరు వైపు చూశారు. డైరెక్టరు హెడ్డు వైపు చూశాడు. ఆవిడ మళ్ళీ వేలు పెట్టింది. "'ఈ ఇరవై ఒకటో విద్యార్థికి మొదట మూడు మార్కులు. చివర డెబ్బై ఒకటి. ఇంత వేగంగా నేర్చుకున్నవారు మిగతా పిల్లల్లో లేరు. వీరెవరో తెలిస్తే అ-భి-నం...' ఇదేం మాటండీ?"

"అభినందించాలి. అంటే మెచ్చుకోవాలని" అన్నారు మాస్టారు. 

ఆయా పెదాలు కదిపింది. మూడు, డెబ్బై ఒకటి, మూడు, డెబ్బై ఒకటి అనుకుంది. వరండా వైపు తిరిగింది. "పెద్దమ్మగారూ! ఆ మూడు మార్కులు నావి కదూ?"

హెడ్మిస్ట్రెస్ తలదించుకుని "నీవే" అంది.

"అయితే నేనా తప్పిపోయింది!" ఆయా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "హవ్వ! పొద్దుట్నుంచీ నాకోసం నేనే తొట్టెలోకి తొంగి చూస్తున్నానా!"

మొదట తాతగారు నవ్వారు. ఆ తర్వాత గేటంతా నవ్వింది. ఆరో తరగతి అబ్బాయిని పక్కింటావిడ ఎట్టకేలకు వదిలిపెట్టింది. హెడ్డు మాత్రం నవ్వలేదు. "కేసు మూయాలంటే దొరికినట్టు సంతకం కావాలి. దొరికింది నువ్వే, పెట్టు" అని నోటుబుక్కు చాపాడు. ఆయా వేలిముద్రకు సిరా అడగలేదు. నాలుక కొస బయటపెట్టి, తన పేరు మొత్తం రాసింది. అది పూర్తయ్యేవరకూ హెడ్డు ఓపిగ్గా నిలబడ్డాడు.

జనం సద్దుమణిగాక హెడ్మిస్ట్రెస్ గదిలో అసలు సంగతి బయటపడింది. పిల్లలు వెళ్ళిపోయాక ఆయా రోజూ ఒక కుర్చీ లాక్కొచ్చి "నాదీ వింటారా అమ్మా?" అని కూర్చునేదట. హెడ్మిస్ట్రెస్ ముందు పిల్లల మొదటి పరీక్షే పెడితే మూడు మార్కులొచ్చాయట, ఆ తర్వాత నాలుగు నెలలు విన్నదట. చివరి పరీక్ష రోజు ఆయా తనకూ ఒక కాగితం ఇవ్వమంది. "డెబ్బై ఒకటి తెచ్చుకుందండీ. ఆ అంకె వెయ్యకుండా వదిలెయ్యడానికి నా చెయ్యి రాలేదు. తప్పే. కానీ చెప్తే ఆవిడ ఉద్యోగం పోతుందేమోనని భయం."

మాస్టారు కాగితం తీసుకుని లెక్క వేశారు. ఆయాతో కలిపితే వినే జట్టుకు గోడ జట్టు కన్నా నాలుగున్నర మార్కులు ఎక్కువ. ఆయాను తీసేస్తే మిగిలేది రెండు మార్కులు. ఇరవై మంది పిల్లల్లో రెండు మార్కుల తేడా అంటే, ఆ రోజు ఇద్దరు పిల్లలకు బాగా నిద్ర పట్టినా వస్తుంది.

"ఆవిణ్ణి తీసేస్తే నా అధ్యయనంలో ఇంకేముందండీ?" అంది హెడ్మిస్ట్రెస్.

"ఆవిడే ఉందండీ. మిగతాదే లేదు" అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకెంత కష్టమైందో పైకి తెలియనివ్వలేదు. ఈ అధ్యయనం నెగ్గాలని పొద్దున్నే కోరుకున్న మనిషి, ఇరవైకి తొమ్మిది వేశారు. ఎక్కువ బళ్ళలో, ఎక్కువ మంది పిల్లలతో మళ్ళీ చేసి చూడాలని, అందాకా ఈ బడిలో వినే పిరియడు కొనసాగించాలని, పిల్లల లెక్కలో పెద్దల్ని కలపకూడదని రాశారు. డైరెక్టరు ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టి, తన వంతుగా ఒక హుకుం జారీ చేశాడు. ఇక మీదట బడి గదుల్లో ఆయాకు చదువు లేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు డైరెక్టరుకు తన కార్లో మాస్టారు కూడా వచ్చిన సంగతి గుర్తులేదు. మాస్టారు బడి ముందు బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. కళ్ళజోడు దుకాణం మూసే వేళైంది. ఆయా గేటుకి తాళం వేసి వచ్చి, కాస్త దూరంలో నిలబడింది.

"నా చదువు ఆగిపోయినట్టేనాండీ?"

"బడి గదిలో వద్దన్నారమ్మా. బస్టాపు గురించి ఏమీ అనలేదు." ఆ మాట అన్నాక మాస్టారికే ఆశ్చర్యమేసింది. "చదవడానికి మీ దగ్గర ఏమైనా ఉందా?"

"పిల్లల పుస్తకమేనండీ. రెండుసార్లైపోయింది."

"నా దగ్గర పందొమ్మిదేళ్ళకు సరిపడా ఉంది" అన్నారు మాస్టారు.

మర్నాటి నుంచి సాయంత్రం అయిదింటికి బస్టాపులో ఇరవై నిమిషాలు. మాస్టారు ఆఫీసు నుంచి వచ్చి అక్కడ దిగుతారు, రెండు బస్సులు వదిలేసి మూడోదెక్కుతారు. రోజుకో నాలుగు నకళ్ళు తెస్తారు. ఆయా చదువుతుంది. నియమం ప్రకారం వినేవాళ్ళు ఏమీ దిద్దకూడదు కాబట్టి ఆయన ఊరికే వింటారు. ఆయా మాత్రం ఊరుకోదు. "ఎవరండీ ఈయన, ఇంత కోపం? ఆ చీటీలు తీసింది ఎవరైతే ఈయనకేంటి?" అంటుంది. ఆయన చీటీల సంగతి వివరిస్తారు. ఆవిడ వింటుంది. పందొమ్మిదేళ్ళుగా గొంతులో ఉండిపోయిన మాటలు అవి. అలా రెండు నెలలు గడిచేసరికి ఇంట్లో రెండో కుర్చీ కాస్త ఖాళీ అయింది.

ఒకనాటి సాయంత్రం ఆయా ఒక పాత నకలు తీసింది. సగం దాకా చదివి, వేలు ఒక వరుస దగ్గర ఆపింది. "'ఇది చదివినవారు దయచేసి నాకొక మాట చెప్పగలరు.'" కాగితం ఒళ్ళో పెట్టుకుని మాస్టారి వైపు తిరిగింది. "చదివానండీ. చెప్పమన్నారు కదా, చెప్తున్నా."

మాస్టారు కళ్ళజోడు తీసి, దారం వదులైందన్నట్టు చాలాసేపు సర్దుకున్నారు. రెండో బస్సు వచ్చి వెళ్ళిపోయింది. 

ఆయా ఆయన్ను కాసేపు చూసి, చెయ్యి తిప్పింది. "ఆ దారమేంటండీ, చూడ్డానికేమైనా బాగుందా?"

మర్నాడు ఆఫీసు తలుపులు తెరవకముందే మాస్టారు కళ్ళజోడు దుకాణం ముందు ఉన్నారు.

ఏడాది తిరిగేసరికి ఆ అధ్యయనం మళ్ళీ చేశారు. ఈసారి పన్నెండు బళ్ళు, నాలుగు వందల మంది పిల్లలు. పిల్లలతో కలపకుండా, చివర్లో వేరే పట్టికలో పెద్దవాళ్ళు ఒక పది మంది. పేరు వెయ్యకపోయినా, అందులో మొదటి వరుస మన ఆయాదని మాస్టారికి తెలుసు. ఆ కాగితాల కట్ట పరిశీలనకని తిన్నగా మాస్టారి బల్ల మీదికే వచ్చింది. ఆయన కొత్త కాడ కళ్ళజోడు పెట్టుకుని ఫారం తెరిచారు. మొట్టమొదటి గడి, ఈ అధ్యయనంలో ఉన్నవారెవరితోనైనా మీకు సంబంధం ఉన్నదా? ఇరవై ఏళ్ళుగా ఆ గడిలో కళ్ళు మూసుకుని "లేదు" అని వేసేవారు. ఎప్పుడూ అబద్ధం కాలేదు.

"ఆపరేటరమ్మా, ఉంది అని వెయ్యి" అన్నారు.

ఆవిడ తలెత్తి చూసింది. "అలా వేస్తే మీరు ఈ అధ్యయనానికి మార్కులు వెయ్యకూడదు మాస్టారూ. ఇంకొకరికి వెళ్ళిపోతుంది."

"వెళ్ళనీ. నిజం అదే కదా."

నొక్కింది. వివరాలు రిమార్కుల గడిలో రాయండి అంది కంప్యూటరు. ఆపరేటరమ్మ నిట్టూర్చి, పదకొండు వరుసలకు సిద్ధపడి కుర్చీ ఆయన వైపు జరిపింది. మాస్టారు ఒక్క మాట రాసి లేచిపోయారు. "వింటుంటాను."

ఎప్పట్లాగే ఆఫీసులో దాన్ని ఎవరూ చదవలేదు. ఆయా మాత్రం ఆ సాయంత్రమే నకలు చదివి, ఈసారి మరీ పొట్టిగా రాశారని సణిగింది.